రిపోర్టులో లైన్ చార్ట్: కోడ్ రాసేటప్పుడే తేల్చుకోవాల్సినవి

పైథాన్ నోట్‌బుక్‌లో చార్ట్ గీసుకుంటే లేబుల్ తెగిపోయిందని వెంటనే కనిపిస్తుంది. సరిచేసి మళ్లీ రన్ చేస్తాం. షెడ్యూలర్ అర్ధరాత్రి తయారుచేసే రిపోర్టులో అలా చూసే మనిషి ఉండడు. డేటా ఇవాళ ముప్ఫై బిందువులతో వస్తుంది, రేపు ఒక్కటే రావచ్చు, ఎల్లుండి అసలు రాకపోవచ్చు. ఏది వచ్చినా అదే కోడ్ గీయాలి, గీసింది నేరుగా చదివేవాళ్ల చేతికి వెళ్లాలి. అందుకే మామూలుగా కంటితో చూసి దిద్దుకునే ప్రతిదాన్నీ ఇక్కడ ముందే కోడ్‌లో తేల్చేయాలి. ఈ పోస్టులో ఉదాహరణలన్నీ పైథాన్‌వి: గీయడానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్, పీడీఎఫ్‌కి రిపోర్ట్‌ల్యాబ్, ఎక్సెల్‌కి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్, ఓపెన్‌పైఎక్సెల్. లైబ్రరీ మారినా చిక్కులు దాదాపు ఇవే ఉంటాయి.

బొమ్మగా పెట్టాలా, నిజమైన చార్ట్‌గా పెట్టాలా

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. పీడీఎఫ్ తీసుకున్నవాళ్లు దాన్ని చదువుతారు, ప్రింట్ తీస్తారు, అంతే. అక్కడ చార్ట్ బొమ్మగా ఉన్నా నష్టం లేదు. ఎక్సెల్ ఫైల్ తీసుకున్నవాళ్లు మాత్రం గీత మీద మౌస్ పెట్టి విలువ చూస్తారు, ఒక సిరీస్ తీసేసి చూస్తారు, సెల్‌లో అంకె మార్చి గీత కదులుతుందో లేదో చూస్తారు. ఎక్సెల్‌లో పీఎన్‌జీ అతికించి ఇవ్వడం వాళ్లకు అన్యాయం చేయడమే. అక్కడ ఎక్సెల్ సొంత చార్టే ఉండాలి. వర్డ్‌కి వస్తే పైథాన్-డాక్స్‌లో చార్ట్ తయారుచేసే సదుపాయం లేదు, కాబట్టి బొమ్మ తప్పదు. పవర్‌పాయింట్‌కి పైథాన్-పీపీటీఎక్స్ అసలైన చార్ట్‌నే చేసిపెడుతుంది.

పీడీఎఫ్‌లో రెండు దారులున్నాయి. రిపోర్ట్‌ల్యాబ్‌లోనే చార్ట్ తరగతులు ఉన్నాయి: హారిజాంటల్‌లైన్‌చార్ట్, లైన్‌ప్లాట్. ఇవి గీసేది వెక్టర్ (పిక్సెళ్లుగా కాకుండా గీతలుగానే దాచే బొమ్మ) కాబట్టి ఎంత జూమ్ చేసినా గీత పదునుగానే ఉంటుంది, ఫైల్ చిన్నగా ఉంటుంది, ఇంకో లైబ్రరీ అక్కర్లేదు. మొదటిది కేటగిరీలను సమాన దూరంలో పరుస్తుంది. రెండోది ఎక్స్, వై జంటలను తీసుకుని ఎక్స్ విలువను బట్టి అసలు దూరంలో పెడుతుంది. వారం వారం తప్పకుండా వచ్చే లెక్కలకు మొదటిది సరిపోతుంది. కొలతలు ఒకసారి రెండు రోజులకు, ఒకసారి తొమ్మిది రోజులకు వస్తుంటే మొదటిది అబద్ధం చెబుతుంది. తొమ్మిది రోజుల్లో మెల్లగా పెరిగినదీ రెండు రోజుల్లో ఎగబాకినదీ ఒకే వాలుతో కనిపిస్తాయి.

రిపోర్ట్‌ల్యాబ్ చార్ట్‌తో కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. డ్రాయింగ్‌కి ఒక వెడల్పు, ఎత్తు ఇస్తాం. దానిలో పెట్టే చార్ట్‌కి మళ్లీ ఎక్స్, వై, వెడల్పు, ఎత్తు ఇస్తాం. ఈ రెండో కొలత గీతలుండే పెట్టెకే వర్తిస్తుంది. యాక్సిస్ అంకెలు, పేర్లు ఆ పెట్టె బయట పడతాయి. చార్ట్ ఎక్స్, వై రెండూ సున్నా అని పెడితే అంకెలు డ్రాయింగ్ దాటిపోయి పక్కనున్న పేరాగ్రాఫ్ మీద ఎక్కుతాయి. 430 పాయింట్ల వెడల్పు, 190 ఎత్తు ఉన్న డ్రాయింగ్ అనుకుంటే చార్ట్‌కి ఎక్స్ 45, వై 40, వెడల్పు 370, ఎత్తు 135 ఇస్తే నాలుగు వైపులా చోటు మిగులుతుంది. పేర్లు పొడవుగా ఉండి 45 డిగ్రీలు వంచాలంటే వై ఇంకో 20 పెంచి, చార్ట్ ఎత్తు అంతే తగ్గించాలి. మూల బిందువు ఎడమ కింది మూలలో ఉంటుంది, వై పైకి పెరుగుతుంది. హెచ్‌టీఎంఎల్ అలవాటుతో వచ్చేవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది.

తేదీలు, ఖాళీలు, వేర్వేరు స్కేళ్లు వచ్చేసరికి నా ఓటు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కే. ఇక మీదట ఎక్కువగా దాని గురించే రాస్తాను.

పరిమాణం ముందు, గీత తర్వాత

రిపోర్టులో చార్ట్ అందవిహీనంగా కనబడటానికి చాలాసార్లు కారణం ఒక్కటే: గీసిన సైజు వేరు, పెట్టిన సైజు వేరు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తున్న బొమ్మ గీస్తుంది, అక్షరాలు 10 పాయింట్లు. ఎవరో బాగా కనిపిస్తుందని 12 అంగుళాల వెడల్పుతో గీసి, దాన్ని పేజీలో 6 అంగుళాలకు కుదిస్తారు. అక్షరాలూ సగానికి కుంచించుకుపోయి 5 పాయింట్లవుతాయి. ప్రింట్‌లో చదవలేం. గీత మందం కూడా సగమవుతుంది.

కాబట్టి పేజీలో ఎంత చోటుందో ముందు లెక్కకట్టాలి. ఏ4 పేజీ వెడల్పు రమారమి 595 పాయింట్లు, ఎత్తు 842. పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు. రిపోర్ట్‌ల్యాబ్ సింపుల్‌డాక్‌టెంప్లేట్ నాలుగు వైపులా 72 పాయింట్ల మార్జిన్ వదులుతుంది. దాని లోపలి ఫ్రేమ్ మళ్లీ ఒక్కో వైపు 6 పాయింట్ల ప్యాడింగ్ తీసుకుంటుంది. ఈ ఆరు సంగతి చాలామంది మరచిపోతారు. 595 లోంచి 144, ఆపైన 12 తీసేస్తే మిగిలేది 439 పాయింట్లు, అంటే 6.1 అంగుళాలు. మార్జిన్లు మాత్రమే తీసేసి 451 పాయింట్ల వెడల్పుతో బొమ్మ పెడితే అది పేరాగ్రాఫ్‌ల అంచు దాటి కొంచెం బయటికి వచ్చి కనబడుతుంది. ఎత్తులో అదే లెక్క తప్పితే లేఅవుట్ ఎర్రర్ వచ్చి రిపోర్టే ఆగిపోతుంది, ఎందుకంటే ఫ్రేమ్ కంటే ఎత్తైన వస్తువును ఏ పేజీలో పెట్టాలన్నా అది పట్టదు.

కాబట్టి 6.1 అంగుళాల వెడల్పు, 2.6 అంగుళాల ఎత్తుతో గీయాలి, అక్షరాలు 8 లేదా 9 పాయింట్లు పెట్టాలి, పీడీఎఫ్‌లో సరిగ్గా అదే కొలతతో పెట్టాలి. అప్పుడు 8 పాయింట్లంటే కాగితం మీద కూడా 8 పాయింట్లే. ప్రింట్‌కి 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు: 1830 పిక్సెళ్ల వెడల్పు, 780 ఎత్తు వస్తుంది. స్క్రీన్ మీదే చదివే రిపోర్టుకి 150 సరిపోతుంది. జేపీజీ మాత్రం వద్దు. సన్నని గీతల చుట్టూ, అక్షరాల చుట్టూ మురికి మరకలు వస్తాయి. పీఎన్‌జీ వాడండి, లేదంటే ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫైల్‌గా సేవ్ చేసి ఎస్‌వీజీలిబ్ అనే ప్యాకేజీతో రిపోర్ట్‌ల్యాబ్ డ్రాయింగ్‌గా మార్చుకోండి.

ఇక్కడే ఇంకో ఉచ్చు. లేబుల్స్ తెగిపోతున్నాయని వెతికితే ఎక్కువచోట్ల దొరికే సలహా, సేవ్ చేసేటప్పుడు బీబాక్స్‌ఇంచెస్‌కి టైట్ అని ఇవ్వమని. అది బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరిస్తుంది, లేదా బయటికొచ్చిన లేబుల్ కోసం పెంచుతుంది. అంటే మనం అడిగిన 6.1, 2.6 కొలత పోయి ఇంకేదో కొలత వస్తుంది. ఆ బొమ్మని మళ్లీ 6.1 బై 2.6 చోట్లో పెడితే రిపోర్ట్‌ల్యాబ్ సాగదీసి పెడుతుంది. లేబుల్ పొడవు రోజుకోలా ఉంటుంది కాబట్టి సాగడం కూడా రోజుకోలా ఉంటుంది. దీని బదులు ఫిగర్ తయారుచేసేటప్పుడే లేఅవుట్‌కి కన్‌స్ట్రెయిన్డ్ అని ఇవ్వాలి. అది బొమ్మ కొలత కదపకుండా లోపలి పెట్టెనే సర్దుతుంది. రిపోర్ట్‌ల్యాబ్ ఇమేజ్‌కి కైండ్ అనే చోట ప్రపోర్షనల్ అని ఇస్తే సాగడం ఆగుతుంది. అది కూడా పెట్టండి, కానీ దాని మీదే ఆధారపడొద్దు.

పైప్లాట్ వదిలేయండి

ట్యుటోరియల్స్ అన్నీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని పైప్లాట్ మాడ్యూల్‌తోనే మొదలవుతాయి. ఒక మనిషి ఒక స్క్రీన్ ముందు కూర్చుని వాడుకోవడానికి అది చక్కగా ఉంటుంది. అది తయారుచేసిన ప్రతి ఫిగర్‌నీ తన జాబితాలో పట్టుకుని ఉంచుతుంది. మనం క్లోజ్ చెప్పేదాకా మెమరీ వదలదు. 20 దాటితే ఒక హెచ్చరిక లాగ్‌లో పడుతుంది. రెండు వందల శాఖలకు రెండు వందల చార్టులు గీసే జాబ్‌లో మెమరీ పెరుగుతూ పోయి చివరికి ప్రాసెస్ చచ్చిపోతుంది. పైగా పైప్లాట్ ప్రస్తుత ఫిగర్ అనే ఒక ఉమ్మడి స్థితి మీద నడుస్తుంది. వెబ్ సర్వర్‌లో రెండు థ్రెడ్లు ఒకేసారి గీస్తే ఒకరి గీత మరొకరి చార్ట్‌లో పడే ప్రమాదం ఉంది.

మార్గం తేలికే. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఫిగర్ మాడ్యూల్ నుంచి ఫిగర్ తరగతిని నేరుగా తెచ్చుకుని, కొలత, లేఅవుట్ ఇచ్చి, దాని మీద సబ్‌ప్లాట్స్ పిలిస్తే యాక్సిస్ చేతికొస్తుంది. గీసి, సేవ్‌ఫిగ్‌తో బఫర్‌లోకి (డిస్క్ బదులు మెమరీలో ఉండే ఫైల్) రాసేస్తే చాలు. ఆ వేరియబుల్ స్కోప్ దాటగానే మెమరీ తనంతట తానే వెనక్కి వస్తుంది. డిస్‌ప్లే లేని సర్వర్‌లో బ్యాకెండ్ (బొమ్మను అసలు గీసే భాగం) తగాదా కూడా ఉండదు.

బఫర్ దగ్గర మూడు తప్పులు తరచుగా జరుగుతాయి. సేవ్‌ఫిగ్ అయ్యాక బఫర్ పాయింటర్ చివర ఉంటుంది. సీక్ సున్నా చెప్పి మొదటికి తేకుండా చదివితే ఖాళీ వస్తుంది. రెండోది: రిపోర్ట్‌ల్యాబ్ బొమ్మని మనం జాబితాలో చేర్చినప్పుడు పూర్తిగా చదవదు, బిల్డ్ పిలిచాక చదువుతుంది. విత్ బ్లాక్‌లో బఫర్ తెరిచి, బయటికొచ్చాక బిల్డ్ చేస్తే అప్పటికే మూసేసిన ఫైల్ అని ఎర్రర్ వస్తుంది. మూడోది ఎర్రర్ కూడా ఇవ్వదు, అందుకే అన్నిటికన్నా ప్రమాదం. లూప్‌లో ప్రతి చార్ట్‌నీ ఒకే ఫైల్ పేరుతో డిస్క్ మీద రాస్తూ పోతే, బిల్డ్ సమయానికి ఆ పేరుతో మిగిలేది చివరి చార్ట్ ఒక్కటే. పేజీకో శీర్షిక మారుతుంది, కింద గీత మాత్రం అన్ని పేజీల్లోనూ ఒకటే. చార్ట్‌కో కొత్త బఫర్ ఇవ్వండి, బిల్డ్ అయ్యేదాకా అన్నిటినీ బతికించి ఉంచండి.

శీర్షిక ఒక పేజీ అడుగున, చార్ట్ తర్వాతి పేజీ పైన పడటం ఇంకో చిరాకు. శీర్షిక స్టైల్‌లో కీప్‌విత్‌నెక్స్ట్ ఆన్ చేస్తే సరిపోతుంది, లేదా రెంటినీ కీప్‌టుగెదర్‌లో కట్టేయాలి.

డేటా గీతగా మారేటప్పుడు

అసలు జాగ్రత్తంతా ఇక్కడ కావాలి. పైన చెప్పినవి తప్పితే చార్ట్ వికారంగా ఉంటుంది, చూసినవాళ్లు చెబుతారు. ఇవి తప్పితే చార్ట్ అందంగానే ఉండి తప్పు చెబుతుంది.

సీఎస్‌వీ నుంచి వచ్చిన అంకెలు, తేదీలు స్ట్రింగులుగా ఉండిపోతే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఏ ఫిర్యాదూ చేయదు. వాటిని కేటగిరీలనుకుని, మొదట కనబడిన వరుసలో సమాన దూరంలో పెడుతుంది. వై యాక్సిస్ మీద 100, ఆ పైన 20, ఆ పైన 75 అని కనిపిస్తే కారణం అదే. ఎక్స్ యాక్సిస్‌లో తేదీలు స్ట్రింగులైతే ప్రతి తేదీకీ ఒక లేబుల్ పడి కింద నల్లటి పట్టీలా తయారవుతుంది. లేబుల్స్ తిప్పడం, ఫాంట్ తగ్గించడం లాంటి వైద్యాలన్నీ ఇక్కడ వృథా. డేటా సర్దే లైబ్రరీ పాండాస్‌లోని టు_డేట్‌టైమ్, టు_న్యూమరిక్‌తో మార్చేస్తే రోగం మూలంలోనే పోతుంది. తర్వాత తేదీ ప్రకారం సార్ట్ చేయాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ బిందువులను వచ్చిన వరుసలోనే కలుపుతుంది, కాబట్టి సార్ట్ కాని డేటా వెనక్కీ ముందుకూ పోయే పిచ్చిగీతలవుతుంది. డేటాబేస్ క్వెరీలో ఆర్డర్ బై లేకపోతే ఈ తప్పు కొన్నిరోజులే కనబడి కొన్నిరోజులు మాయమవుతుంది.

లేని రోజుల సంగతి ఇంకా సున్నితం. మూడు రోజుల డేటా రాలేదనుకుందాం. ఆ వరుసలు అసలు లేకపోతే గీత అటూ ఇటూ ఉన్న బిందువులను నేరుగా కలిపేస్తుంది. అంతా సజావుగా ఉందనిపిస్తుంది. ఎవరో మంచి ఉద్దేశంతో ఖాళీలను సున్నాతో నింపితే ఆ మూడు రోజులూ అన్నీ కుప్పకూలినట్టు కనిపిస్తుంది. కొలవలేదు అన్నది, కొలిస్తే సున్నా వచ్చింది అన్నది వేర్వేరు వార్తలు. గీత అక్కడ తెగాలి. దానికి పాండాస్‌లో యాజ్‌ఫ్రీక్‌తో రోజువారీ సూచికకు మార్చితే లేని రోజులకు నాన్ (NaN, విలువ లేదని చెప్పే గుర్తు) వస్తుంది, మ్యాట్‌ప్లాట్‌లిబ్ నాన్ ఉన్నచోట గీతను తెంచుతుంది. రీశాంపిల్ చేసి సమ్ తీసేవాళ్లు ఒకటి గమనించాలి: ఖాళీ వారానికి సమ్ సున్నా ఇస్తుంది, నాన్ ఇవ్వదు. మిన్_కౌంట్‌కి 1 ఇస్తేనే నాన్ వస్తుంది. ఈ ఒక్క ఆర్గ్యుమెంట్ లేక తప్పుడు పతనాలు చూపించే రిపోర్టులు ఎన్నో ఉన్నాయి.

గీతను తెంచాక ఇంకో చిక్కు వస్తుంది. రెండు నాన్‌ల మధ్య ఒంటరిగా మిగిలిన బిందువుకు కలపడానికి పక్కన ఇంకొకటి లేదు, కాబట్టి గీతే ఉండదు, ఆ విలువ చార్ట్‌లో కనిపించనే కనిపించదు. డేటా మొత్తం ఒకే బిందువైనా ఇంతే: ఖాళీ పెట్టె వస్తుంది. చిన్న మార్కర్ ఎప్పుడూ పెట్టి ఉంచితే ఇది తీరుతుంది. బిందువులు అరవై దాటితే మార్కర్లు గీతను మింగేస్తాయి. అప్పుడు ఒంటరి బిందువులను మాత్రం వెతికి వాటికే మార్కర్ పెట్టడం మేలు.

చివరి బిందువు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. నెలవారీ చార్ట్ నెల మధ్యలో తయారైతే చివరి నెల మొత్తం సగమే ఉంటుంది, గీత చివర్న నిట్టనిలువుగా పడిపోతుంది. చదివేవాళ్ల కళ్లు మొదట పడేది అక్కడే. పూర్తికాని నెలను తీసేయండి. తీసేయడానికి వీల్లేదంటే ఆ చివరి ముక్కను చుక్కల గీతగా గీసి, పక్కనే ఏ తేదీ వరకో రాయండి.

బిందువులు లక్షల్లో ఉంటే 1830 పిక్సెళ్లలో అన్నీ ఎలాగూ పట్టవు. సగటు తీసి తగ్గిస్తే అరుదుగా వచ్చే ఎత్తైన ముల్లు చదునైపోతుంది, తరచుగా రిపోర్టు అడిగేదే ఆ ముల్లు కోసం. ఒక్కో ముక్కకు కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంచుకుంటే గీత ఆకారం నిలుస్తుంది. తగ్గించకుండా వెక్టర్‌గా పెడితే పీడీఎఫ్ ఉబ్బిపోయి తెరవడానికే చాలాసేపు పడుతుంది. ఆ ఒక్క గీతకు రాస్టరైజ్డ్ ఆన్ చేస్తే అది పిక్సెళ్లుగా మారి, అక్షరాలు మాత్రం వెక్టర్‌గా ఉంటాయి.

వై యాక్సిస్

బార్ చార్ట్‌లాగా లైన్ చార్ట్ తప్పనిసరిగా సున్నా నుంచే మొదలవ్వాలని లేదు. అయితే మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తాను స్కేల్ ఎంచుకుంటే ఈ వారం రిపోర్టులో 98 నుంచి 99, వచ్చే వారం 60 నుంచి 100 అవుతుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నవాళ్లకు చిన్న అల పెద్ద తుఫానులా, పెద్ద తుఫాను చిన్న అలలా కనిపిస్తాయి. వారం వారం పోల్చే చార్ట్ అయితే హద్దులు స్థిరంగా పెట్టండి. డేటా ఆ హద్దు దాటితే కోడ్ లాగ్‌లో చెప్పాలి, హద్దు పెంచాలి. గీత పెట్టె అంచు దగ్గర నిశ్శబ్దంగా తెగిపోవడం వద్దు.

హద్దుల్ని డేటా నుంచి లెక్కకట్టేవాళ్లకు: విలువలన్నీ నాన్ అయితే కనిష్ఠం కూడా నాన్ అవుతుంది, హద్దు పెట్టే చోట వాల్యూ ఎర్రర్‌తో రిపోర్టు ఆగుతుంది. అన్నీ ఒకే విలువైతే పై హద్దు, కింది హద్దు ఒకటే అయి హెచ్చరిక వస్తుంది. రెండిటినీ ముందే చూసుకోవాలి. డేటా లేనప్పుడు ఖాళీ పెట్టె గీయకండి, ఈ కాలానికి డేటా లేదు అని అదే చోట ఒక వాక్యం పెట్టండి.

విలువలు పది లక్షలు, ఆపైన ఉంటే యాక్సిస్ మీద 1, 2, 3 అని వచ్చి పైన మూలన 1ఈ6 అని సన్నగా పడుతుంది. పెద్ద అంకెలు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంటే ప్లస్ గుర్తుతో ఒక ఆఫ్‌సెట్ వస్తుంది, మిగిలిన అంకెలన్నీ దానికి కలుపుకోవాలి. ప్రింట్‌లో దీన్ని ఎవరూ గమనించరు. టిక్‌లేబుల్_ఫార్మాట్‌లో స్టైల్ ప్లెయిన్, యూజ్‌ఆఫ్‌సెట్ ఫాల్స్ పెడితే రెండూ పోతాయి. ఇంకా మంచిది, అంకెల్ని ముందే లక్షల్లోకి మార్చి యాక్సిస్ పేరులో ఆ సంగతి రాయడం.

రెండు వై యాక్సిస్‌ల చార్ట్ అడుగుతారు. వద్దని నచ్చజెప్పండి. రెండు స్కేళ్లూ మనమే ఎంచుకుంటాం కాబట్టి గీతలు ఎక్కడ ఒకదాన్నొకటి దాటాలో కూడా మనమే ఎంచుకున్నట్టు. ఒకే ఎక్స్ యాక్సిస్ పంచుకుంటూ ఒకదాని కింద ఒకటిగా రెండు చార్టులు పెడితే అదే విషయం నిజాయితీగా తెలుస్తుంది.

ఎన్ని గీతలు, ఎవరిది ఏది

మ్యాట్‌ప్లాట్‌లిబ్ రంగుల వరుసలో పది రంగులున్నాయి. పదకొండో గీతకు మళ్లీ మొదటి రంగే వస్తుంది, లెజెండ్‌లో ఇద్దరు నీలాలుంటారు. నిజానికి పది కూడా ఎక్కువే. ఐదు దాటితే ముఖ్యమైన రెండు మూడు గీతలకు రంగిచ్చి, మిగతావన్నీ లేత బూడిద రంగులో వెనక్కి పంపడం మంచిది. నలుపు తెలుపు ప్రింటర్ మీద ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఒకే బూడిద రంగు అవుతాయి. రంగుతోపాటు గీత తీరు కూడా మార్చాలి: నిండు, విరుపులు, చుక్కలు.

లెజెండ్ కంటే గీత చివరే పేరు రాయడం నాకు ఎంతో ఇష్టం. చదివేవాళ్లు పెట్టెకీ గీతకీ మధ్య చూపు తిప్పాల్సిన పని ఉండదు. అన్నొటేట్‌కి చివరి బిందువు ఇచ్చి, అక్కడినుంచి 4 పాయింట్లు కుడికి జరిపి రాయాలి. కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ ఆ పేరుకు కూడా చోటు వదులుతుంది. చివరి బిందువు నాన్ అయితే పేరు మాయమవుతుంది, కాబట్టి నాన్ కాని చివరి బిందువును వెతకాలి. రెండు గీతలు దగ్గర దగ్గరగా ముగిస్తే పేర్లు ఒకదాని మీదొకటి పడతాయి. చివరి వై స్థానాల్ని పాయింట్లలోకి మార్చుకుని, కింది నుంచి పైకి సార్ట్ చేసి, ప్రతి పేరూ ముందుదాని కంటే కనీసం 10 పాయింట్లు పైన ఉండేలా నెట్టుకుంటూ వెళ్తే చాలు.

తెలుగు లేబుల్స్

తెలుగులో శీర్షిక ఇస్తే మొదట డబ్బాలు వస్తాయి, ఎందుకంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలు ఫాంట్ డెజావు శాన్స్‌లో తెలుగు అక్షరాలు లేవు. నోటో శాన్స్ తెలుగు పెడితే అక్షరాలు వస్తాయి గానీ ఒత్తులు కుదరవు, హల్లు పక్కన పొల్లు పడి విడివిడిగా నిలబడతాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.10 వరకు వచ్చిన వెర్షన్లలో మామూలు బ్యాకెండ్ అక్షరాలను పక్కపక్కన పేర్చుతుందే తప్ప ఒత్తుల కూర్పు చేయదు. ఫాంట్ మార్చినంత మాత్రాన ఇది తీరదు. ఎంపీఎల్‌కైరో బ్యాకెండ్ రఖ్మ్ లైబ్రరీ సాయంతో కూర్పు చేస్తుంది, అది ఒక దారి. నాకు ఇంకా నమ్మకంగా తోచే దారి వేరు: చార్ట్‌ని ఎస్‌వీజీగా సేవ్ చేస్తూ ఎస్‌వీజీ ఫాంట్‌టైప్‌ని నన్ అని పెట్టడం. అప్పుడు అక్షరాలు గీతలుగా మారకుండా పాఠ్యంగానే ఉంటాయి. ఆ ఎస్‌వీజీని హెచ్‌టీఎంఎల్ రిపోర్టులో పొదిగి, హెడ్‌లెస్ (విండో తెరవకుండా నడిచే) క్రోమ్‌తో పీడీఎఫ్ తీస్తే కూర్పు బ్రౌజరే చూసుకుంటుంది, ఒత్తులు సరిగ్గా పడతాయి. ఆ మెషీన్ మీద ఫాంట్ ఇన్‌స్టాల్ అయి ఉండాలి. డాకర్ ఇమేజ్‌లలో సాధారణంగా ఉండదు.

నెలల పేర్లు తెలుగులో కావాలంటే పన్నెండు పేర్ల జాబితా పెట్టుకుని, యాక్సిస్ లేబుల్స్‌ని మన ఫంక్షన్‌తో రాయించే ఫంక్‌ఫార్మాటర్‌తో ఇవ్వడం సులువు. పైథాన్ కామా వేలవారీగా వేస్తుంది. లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పడాలంటే దానికీ అదే ఫార్మాటర్‌లో చిన్న ఫంక్షన్ రాసుకోవాలి.

హెచ్‌టీఎంఎల్ దారిలో వెళ్లేవాళ్లు ఇంకో రెండు గమనించాలి. జావాస్క్రిప్ట్ చార్టులైతే యానిమేషన్ ఆపేయాలి, లేకపోతే గీత సగం సాగినప్పుడే పీడీఎఫ్ తీసేస్తుంది. హెచ్‌టీఎంఎల్‌ని పీడీఎఫ్‌గా మార్చే వీజీప్రింట్ జావాస్క్రిప్ట్ నడపదు, కాబట్టి దానిలో ఆ చార్ట్ అసలు రాదు.

ఎక్సెల్ చార్ట్

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్‌లో యాడ్_చార్ట్‌కి టైప్ లైన్ అని ఇచ్చి, యాడ్_సిరీస్‌లో పేరు, కేటగిరీలు, విలువలు ఇవ్వాలి. పరిధిని స్ట్రింగ్‌గా కూర్చడం కంటే షీట్ పేరు, మొదటి వరుస, మొదటి నిలువు వరుస, చివరి వరుస, చివరి నిలువు వరుస అని జాబితాగా ఇవ్వడం మేలు, షీట్ పేరులో ఖాళీలున్నా ఇబ్బంది రాదు. ఇక్కడ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఓపెన్‌పైఎక్సెల్ రెఫరెన్స్‌లో 1 నుంచి. ఒకదానినుంచి మరోదానికి కోడ్ మార్చినప్పుడు గీత ఒక వరుస జరిగిపోతుంది, శీర్షిక వరుస విలువగా చేరుతుంది.

ఎక్సెల్ లైన్ చార్ట్ మామూలుగా కేటగిరీలను సమాన దూరంలోనే పెడుతుంది. తేదీలు అసలైన ఎక్సెల్ తేదీలై ఉండి, ఎక్స్ యాక్సిస్‌కి డేట్_యాక్సిస్ ఆన్ చేస్తేనే రోజుల దూరం నిలుస్తుంది. గంటలు, నిమిషాల తేడాలు ముఖ్యమైతే నేరుగా గీతలున్న స్కాటర్ చార్ట్‌కి వెళ్లాలి.

ఖాళీల దగ్గర: ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్‌కి నాన్ ఇస్తే టైప్ ఎర్రర్ వేస్తుంది, ఆ సెల్‌ను రాయకుండా వదిలేయండి. నిజంగా ఖాళీ సెల్ ఉంటే గీత తెగుతుంది. ఖాళీ స్ట్రింగ్ రాస్తే, లేదా ఫార్ములా ఖాళీ స్ట్రింగ్ ఇస్తే ఎక్సెల్ దాన్ని పాఠ్యం అనుకుని సున్నా దగ్గర బిందువు పెడుతుంది. చూడ్డానికి రెండు సెళ్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి దీన్ని పట్టుకోవడం కష్టం.

ఓపెన్‌పైఎక్సెల్ 3.1 నుంచి చార్ట్‌లో యాక్సిస్ అంకెలు కనిపించడం లేదని చాలామంది తల పట్టుకుంటారు. ఎక్స్ యాక్సిస్, వై యాక్సిస్ రెండిటికీ డిలీట్‌ని ఫాల్స్ అని రాస్తే తిరిగి వస్తాయి. సిరీస్‌కి స్మూత్ కూడా ఫాల్స్ అని స్పష్టంగా రాయండి. వంపు తిరిగిన గీత రెండు కొలతల మధ్య ఎవరూ కొలవని శిఖరాలు చూపిస్తుంది.

పరీక్షించడం

చార్ట్ బొమ్మలను పిక్సెల్ పిక్సెల్ పోల్చే పరీక్షలు ఫాంట్ వెర్షన్ మారగానే విరుగుతాయి. యాక్సిస్ నుంచి గెట్_లైన్స్ పిలిచి, గీత వై విలువలను అసలు డేటాతో పోల్చడం గట్టిగా నిలుస్తుంది. గీతలెన్ని, నాన్‌లు ఎక్కడ, హద్దులెంత అన్నవి అక్కడే చూసుకోవచ్చు. ఒకే డేటాకు ఒకే ఫైల్ రావాలంటే రిపోర్ట్‌ల్యాబ్‌లో ఇన్వేరియంట్ ఆన్ చేయాలి. ఎస్‌వీజీకి హ్యాష్‌సాల్ట్ స్థిరంగా పెట్టి, మెటాడేటాలో తేదీ తీసేయాలి.

పరీక్షకు ఇవ్వాల్సిన డేటా మాత్రం అందంగా ఉండకూడదు. ఖాళీ జాబితా, ఒకే బిందువు, అన్నీ నాన్, అన్నీ ఒకే విలువ, ఒకే తేదీ రెండుసార్లు, ఋణ విలువలు, కోటి దాటిన విలువలు, పన్నెండు సిరీస్‌లు, నలభై అక్షరాల పేరు: ఇవన్నీ ఒక్కొక్కటిగా గీయించి, ఒకే పీడీఎఫ్‌లో వరుసగా పెట్టి, కాగితం మీద ప్రింట్ తీసి చూడండి. లైబ్రరీ వెర్షన్ పెంచిన ప్రతిసారీ ఆ పీడీఎఫ్‌ని మళ్లీ తయారుచేయాలి.